సూర్యుడికి ఎదురు నిలిచిన రాళ్లు

సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్న మాట ఏడాదిలో రెండు రోజులకే కచ్చితంగా వర్తిస్తుంది. పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే విషువత్తుల్లో, అంటే మార్చి 20 ప్రాంతంలోనూ సెప్టెంబరు 22 ప్రాంతంలోనూ, అతడు సరిగ్గా తూర్పున పొడుస్తాడు. మార్చి తర్వాత ఆ ఉదయస్థానం రోజురోజుకూ ఉత్తరానికి జరుగుతూ జూన్ 21కి ఆ వైపు కొసకు చేరుతుంది. అక్కడ కొన్నాళ్లు ఆగినట్టే ఉండి, వెనక్కు మళ్లి, తూర్పును దాటి, డిసెంబరు 21కి దక్షిణపు కొసకు వెళ్తుంది. ఈ రెండు కొసలే అయనాంతాలు. శ్రీకాకుళంలో నిలబడి చూసేవారికి తూర్పు నుంచి ఒక్కో కొస సుమారు 25 డిగ్రీల దూరంలో ఉంటుంది. ఇంగ్లండులోని స్టోన్‌హెంజ్ దగ్గర అదే దూరం 40 డిగ్రీలకు చేరువ. భూమధ్యరేఖకు దూరంగా పోయేకొద్దీ ఈ ఊపు పెరుగుతుంది. ఉత్తర దేశాల ప్రాచీనులకు సూర్యుడి నడక దక్కన్ వాసులకంటే ప్రస్ఫుటంగా కనిపించేది అందుకే.

ఈ నడకను కనిపెట్టడానికి పరికరాలేవీ అక్కర్లేదు. ఏటా ఒకేచోట నిలబడి చూడాలి, క్షితిజం మీద కదలని గుర్తు ఒకటి ఉండాలి, కొన్నేళ్ల ఓపిక కావాలి. గుర్తుకు కొండ నెత్తి చాలు, లేకపోతే ఒక రాయి పాతుకోవచ్చు. ప్రాచీన కట్టడాలు ఆకాశంలోని ఏ బిందువు వైపు తిరిగి ఉన్నాయో పరిశీలించే శాస్త్రానికి పురాఖగోళశాస్త్రమని పేరు. ఫలానా కట్టడం ఫలానా ఉదయాన్ని చూస్తోందని చెప్పడం ఇందులో సులువైన పని. కట్టినవారు ఆ సంగతి ఎరిగి కట్టారా, ఎరిగితే ఎందుకు కట్టారు అన్నవే చిక్కు ప్రశ్నలు.

ఆ చిక్కు ఎక్కడుందో తెలియడానికి సూర్యుడి నడకలోని రెండు గుణాలు చూడాలి. మొదటిది వేగం. విషువత్తుల దగ్గర ఉదయస్థానం రోజుకు దాదాపు ఒక సూర్యబింబం వెడల్పున, అంటే అర డిగ్రీకి కాస్త అటూ ఇటూగా కదులుతుంది. అయనాంతం దగ్గర వారం రోజులు చూసినా కంటికి తేడా తెలియదు. కాబట్టి అయనాంతానికి గురిపెట్టిన రాయి రుతువును చెప్పగలదే గాని తేదీని చెప్పలేదు. రెండోది, కొసలు మినహా మధ్యనున్న ప్రతి బిందువునూ సూర్యుడు ఏటా రెండుసార్లు దాటుతాడు, పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు మరొకసారి. ఆ రెండు తేదీలూ అయనాంతానికి ఇరుపక్కలా సమాన దూరంలో ఉంటాయి. అంటే ఈ హద్దుల మధ్య తూర్పుకేసి తిరిగిన ఏ గుమ్మంలోకైనా, అడ్డు లేకపోతే, ఏడాదికి రెండు విడతలు ఎండ తిన్నగా దూరి తీరుతుంది. గర్భగుడిలోకి కిరణాలు పడటం ఒక్కటే శిల్పి ఉద్దేశానికి సాక్ష్యం కాలేదు.

ఉద్దేశాన్ని నిస్సందేహంగా చూపే కట్టడం ఐర్లండులో ఉంది. బాయిన్ నది లోయలోని న్యూగ్రేంజ్ క్రీ.పూ. 3200 ప్రాంతపు సమాధి దిబ్బ, ఈజిప్టు పిరమిడ్లకంటే పాతది. ద్వారం నుంచి లోపలి గదికి 19 మీటర్ల పొడవైన ఇరుకు దారి. 1960లలో తవ్వకాలు జరిపిన మైఖేల్ ఓ'కెల్లీకి ద్వారం పైభాగాన రాళ్లతో పేర్చిన చిన్న కిటికీ లాంటి సందు కనబడింది. అది ఎందుకుందో మొదట అంతుపట్టలేదు. సమాధిలోకి ఎండ వస్తుందని స్థానికులు చెప్పుకునే మాటను పట్టుకుని 1967 డిసెంబరు 21 తెల్లవారుజామున ఆయన లోపల కూర్చుని చూశాడు. సూర్యోదయమైన నాలుగైదు నిమిషాలకు ఆ సందులోంచి సన్నని వెలుగు బయల్దేరి నేల వెంబడి గది లోపలి దాకా వచ్చింది. సుమారు 17 నిమిషాలుండి వెళ్లిపోయింది.

ఇక్కడ సాక్ష్యం వెలుగు కంటే సందులో ఉంది. సమాధిలోపలి దారి ఎగువకు వాలి ఉండటంతో గది నేల దాదాపు ఆ సందు ఎత్తుకు వస్తుంది. ద్వారంలోంచి వచ్చే ఎండ సగం దారిలోనే ఆగిపోతుంది, సందులోంచి వచ్చేది మాత్రమే గదికి చేరుతుంది. మనుషులు దూరడానికి పనికిరాని ఆ సందును మూయడానికి తెల్లటి పలుగురాళ్లు వాడారు, వాటిని లాగి నెట్టిన గీతలు కూడా మిగిలాయి. మృతులను ఉంచిన చీకటి గదికి ఏడాదిలో అతి పొడవైన రాత్రి గడిచాక వెలుగు చేరేలా చేశారంటే చావుకూ సూర్యుడి తిరుగు ప్రయాణానికీ వారు ముడిపెట్టారని ఊహించవచ్చు. అది ఊహే. కానీ దానికి ఆధారమైన నిర్మాణం రాతిలో ఉంది.

స్టోన్‌హెంజ్ కథ ఇంత తేటగా లేదు. శాస్త్రం ఎదిగిన తీరు, తప్పటడుగులతో సహా, దాని చుట్టూనే కనిపిస్తుంది. క్రీ.పూ. 3000 ప్రాంతంలో వలయాకారపు కందకంతో మొదలై, 2500 ప్రాంతంలో పెద్ద రాళ్లను నిలబెట్టడంతో ఆ కట్టడం ఇప్పటి రూపానికి వచ్చింది. దాని నడిరేఖ ఈశాన్యాన వేసవి అయనాంతపు సూర్యోదయాన్ని చూస్తుంది. ఈ సంగతిని 1740లో విలియం స్టూక్లీ రాశాడు. వలయం వెలుపల ఉన్న ‘హీల్ స్టోన్’ అనే రాయి నెత్తిన ఆ రోజు సూర్యుడు పొడుస్తాడని జనం నమ్ముతూ వచ్చారు. నిజానికి అతడు రాయికి కాస్త ఎడమన ఉదయిస్తాడు. 1979లో దాని పక్కనే మరో రాయి ఒకప్పుడు నిలిచిన గుంట బయటపడింది. రెండు రాళ్లూ ఉన్న రోజుల్లో సూర్యుడు వాటి నడుమ కనిపించేవాడని, గురి రాయి మీద కాక సందు మీద ఉండేదని దాంతో తేలింది.

1901లో నార్మన్ లాకియర్ ఈ దిశను పట్టుకుని కట్టడం వయసు లెక్కగట్టాడు. తెలుగువారికి ఈయన కొంత ఎరిగిన పేరే. 1868 ఆగస్టు 18 సంపూర్ణ గ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో చూశాడు. సూర్యుడి అంచున లేచే జ్వాలలను గ్రహణం లేకుండానే చూసే ఉపాయాన్ని జాన్సెన్ అక్కడా లాకియర్ ఇంగ్లండులోనూ విడివిడిగా కనిపెట్టారు, హీలియం చరిత్రలో ఇద్దరి పేర్లూ కలిసే వస్తాయి. స్టోన్‌హెంజ్ విషయంలో లాకియర్ ఆలోచన పదునైనదే. భూమి అక్షం వంపు వేల ఏళ్లలో స్వల్పంగా తగ్గుతూ వస్తోంది. క్రీ.పూ. 2500లో 24 డిగ్రీలకు చేరువగా ఉన్నది ఇప్పుడు 23.4. దాంతో అయనాంతపు సూర్యోదయం అక్కడ ఒక డిగ్రీ మేర, అంటే రెండు సూర్యబింబాల వెడల్పున జరిగింది. కట్టినప్పటి గురికీ ఇప్పటి ఉదయానికీ ఉన్న తేడా తెలిస్తే వయసు తెలుస్తుంది. ఆయనకు వచ్చిన జవాబు క్రీ.పూ. 1680, రెండు శతాబ్దాలు అటో ఇటో. రేడియోకార్బన్ కాలనిర్ణయం దాన్ని 800 ఏళ్ల పైచిలుకు వెనక్కు నెట్టింది. లెక్క తప్పలేదు, ఆధారాలే వదులుగా ఉన్నాయి. రాళ్ల వలయానికి చేరే ప్రాచీన దారి దిశ సరిగ్గా కుదరక దూరాన కొండ మీదున్న సర్వే గుర్తును గురిగా తీసుకున్నాడు. పైగా ఉదయమంటే తొలి మెరుపా, బింబం మొత్తం బయటపడటమా అన్నది ఆ ప్రాచీనులు రాసిపెట్టలేదు. ఈ రెండింటిలో ఏది ఎంచుకున్నామన్నదాన్ని బట్టే తేదీ శతాబ్దాల కొద్దీ మారుతుంది.

అరవై ఏళ్లు గడిచాక, 1963లో, జెరాల్డ్ హాకిన్స్ స్టోన్‌హెంజ్‌లోని 165 స్థానాలను కంప్యూటరుకు అందించి, వాటిలో ముఖ్యమనుకున్నవాటిని కలిపే రేఖలు సూర్యచంద్రుల ఉదయాస్తమయ కొసలకు తగులుతున్నాయని ప్రకటించాడు. తర్వాత ఒక అడుగు ముందుకేసి, వలయంలోని 56 గుంటలతో గ్రహణాలను ముందే లెక్కగట్టేవారన్నాడు. కంప్యూటరనే మాటకే అబ్బురపడే కాలం అది. పత్రికలు ఎగరేసుకుపోయాయి. స్టోన్‌హెంజ్‌ను తవ్విన రిచర్డ్ అట్కిన్సన్ 1966లో ఘాటుగా ఖండించాడు. ఆయన అభ్యంతరాల్లో ఒకటి ఎవరికైనా అర్థమయ్యేదే: ఆ గుంటలూ పెద్ద రాళ్లూ ఒకే కాలపువి కావు, వేర్వేరు శతాబ్దాల వాటిని కలిపి ఒక యంత్రమనడం కుదరదు. రెండో చిక్కు గణితంలో ఉంది. 165 బిందువులను జతలుగా కలిపితే 13,000కు పైగా గీతలొస్తాయి. హాకిన్స్ వాటిలో కొన్నింటినే తీసుకున్నా, ఏరుకునే స్వేచ్ఛ ఉన్నచోట ఏ లక్ష్యానికైనా గీతలు దొరుకుతాయి. ఇప్పటి పండితులు గ్రహణ యంత్రం మాటను పక్కనపెట్టి నడిరేఖను మాత్రమే నిలుపుకున్నారు. అది నిలవదగినదే.

ఆ రేఖకు ఇంకో కొస ఉంది. నైరుతిన అది శీతకాల అయనాంతపు సూర్యాస్తమయాన్ని చూస్తుంది, ఈశాన్యం నుంచి వలయానికి చేరే ఆ ప్రాచీన దారిలో నడిచి వచ్చేవారికి ఎదురయ్యేది అదే. సమీపంలోని డరింగ్టన్ వాల్స్ అనే వసతి స్థలంలో దొరికిన పంది దంతాలను చూస్తే చాలా జంతువులను తొమ్మిది నెలల వయసులో, అంటే అవి వసంతంలో పుట్టాయనుకుంటే చలికాలంలో, కోసినట్టు తేలింది. డిసెంబరులో జనం గుమికూడి విందులు చేసుకున్నారనుకోవడానికి ఇది గట్టి ఆధారం. ఇప్పుడు వేలమంది జూన్ 21న అక్కడికి వెళ్తారు. పంది ఎముకలు మాత్రం చలికాలం వైపే చూపుతున్నాయి. 2008లో మైక్ పార్కర్ పియర్సన్ బృందం ఆ దారి కింద తవ్వినప్పుడు మంచుయుగంలో నేలలో సహజంగా ఏర్పడిన చాళ్లు, గట్లు కనిపించాయి. అవి యాదృచ్ఛికంగా అయనాంత దిశలోనే ఉన్నాయి. సూర్యుడి దారిని నేలే గీసిందని చూసి, ఆ స్థలాన్ని పవిత్రమనుకుని అక్కడ కట్టి ఉంటారని ఆయన ప్రతిపాదన. కట్టడానికి దిశ ఎంచుకోవడం కాక దిశ ఉన్నచోటికి కట్టడాన్ని తేవడమనే ఈ ఆలోచన హాకిన్స్ యంత్రంకంటే నమ్మదగ్గది.

ఈజిప్టులో రాతలున్నాయి, బొమ్మలున్నాయి, దేవుళ్ల పేర్లు తెలుసు. అయినా పొరపాట్లు తప్పలేదు. కర్నాక్‌లోని అమున్-రా ఆలయపు పొడవాటి అక్షం వాయవ్యం వైపు వేసవి అయనాంతపు అస్తమయాన్ని చూస్తోందని 1890లలో లాకియరే రాశాడు. నైలునదికి ఆవలనున్న కొండలు ఆ అస్తమయాన్ని అడ్డుకుంటాయి. అక్షాన్ని ఎదురు దిశలో, ఆగ్నేయానికి చూస్తే శీతకాల అయనాంతపు సూర్యోదయం కనిపిస్తుందని హాకిన్స్ 1970లలో చూపాడు. స్టోన్‌హెంజ్‌లో తడబడినవాడే ఇక్కడ సరిదిద్దాడు. 2000 తర్వాత బెల్మోంటే, షాల్టూట్ అనే పరిశోధకులు ఈజిప్టులో 300కు పైగా ఆలయాలను కొలిచారు. ఎక్కువ గుళ్లను నైలు ప్రవాహాన్ని బట్టి నిలిపారని, దానికి తోడు సూర్యుడి కీలక స్థానాలకు కుదిరేలా చూసుకున్నారని వారి ఫలితం. ఒక్క గుడిని చూస్తే కాకతాళీయమనిపించేది వందల గుళ్లలో కనిపిస్తే అలవాటని తెలుస్తుంది.

అబూ సింబెల్ కథకు జనాదరణ ఎక్కువ. క్రీ.పూ. 13వ శతాబ్దంలో రామ్సెస్ 2 కొండను తొలిపించిన ఈ గుహాలయంలో ఏటా ఫిబ్రవరి 22న, అక్టోబరు 22న ఉదయపు ఎండ 60 మీటర్లు లోపలికి పోయి గర్భగృహంలోని విగ్రహాల మీద పడుతుంది. నలుగురిలో ప్టా దేవుడు మాత్రం నీడలో ఉండిపోతాడు. రెండు తేదీల్లో ఒకటి రాజు పుట్టినరోజు, రెండోది పట్టాభిషేకమని గైడ్లు చెబుతారు. శాసనాల్లో అందుకు ఆధారం లేదు. రెండు తేదీలూ డిసెంబరు అయనాంతానికి చెరో రెండు నెలల దూరంలో ఉన్నాయని గమనిస్తే జంట తేదీల రహస్యం విడిపోతుంది, ఒకే రేఖను సూర్యుడు దాటే రెండు విడతలవి. ఆస్వాన్ డ్యామ్ నీట మునగకుండా 1964–68 మధ్య ఆలయాన్ని ముక్కలుగా కోసి 65 మీటర్ల ఎత్తుకు తరలించినప్పుడు ఇంజినీర్లు దిశను కాపాడారు. ఎండ ఇప్పటికీ వస్తోంది.

భారతదేశంలో ప్రశ్న వేరే తీరున వస్తుంది. ఇక్కడ దిక్కును పట్టే పద్ధతే గ్రంథాల్లో ఉంది. కాత్యాయన శుల్బసూత్రం చెప్పిన ప్రకారం చదును నేలలో శంకువు, అంటే నిటారు కొయ్య, పాతి దాని పొడవంత తాడుతో చుట్టూ వృత్తం గీయాలి. ఉదయం కొయ్య నీడ కొన వృత్తాన్ని తాకిన చోట ఒక గుర్తు, మధ్యాహ్నం తిరిగాక తాకిన చోట మరో గుర్తు పెట్టాలి. రెండు గుర్తులనూ కలిపిన గీతే తూర్పు పడమరలు. యజ్ఞవేదికలకు పుట్టిన ఈ ప్రాచీసాధనం తర్వాత మయమతం, మానసారం వంటి వాస్తుగ్రంథాల్లో గుడికీ ఇంటికీ వర్తించింది. ఉదయానికీ మధ్యాహ్నానికీ మధ్య సూర్యుడు కొంత జరుగుతాడు గనక విషువత్తుల దగ్గర ఈ గీత కొంచెం తప్పుతుంది. దానికి సవరణను కూడా తర్వాతి సిద్ధాంతులు చెప్పారు. దిక్కు ఇంత శ్రద్ధగా పట్టిన గుడి దాదాపు సరిగ్గా తూర్పుకు తిరిగి ఉంటుంది. కాబట్టి మార్చి, సెప్టెంబరుల చుట్టుపక్కల దాని గర్భగుడిలోకి ఎండ రావడం శాస్త్రోక్త నిర్మాణానికి సహజ ఫలితం.

అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడిని ఈ వెలుగులో చూడాలి. 7వ శతాబ్దంలో తూర్పు గాంగ రాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెబుతారు. ఇప్పుడున్న కట్టడంలో చాలా భాగం 18వ శతాబ్దపు పునర్నిర్మాణం. ఏటా మార్చి రెండో వారంలోనూ అక్టోబరు మొదటి రోజుల్లోనూ లేత ఎండ గోపురం దాటి, అనివెట్టి మండపం గుండా మూలవిరాట్టు పాదాలను తాకుతుంది. మబ్బు పట్టిందా, చీకటితోనే వచ్చి నిలబడ్డ భక్తులు నిరాశతో మళ్లుతారు. మార్చి 10 డిసెంబరు అయనాంతానికి 79 రోజుల తర్వాత, అక్టోబరు 2 దానికి 80 రోజుల ముందు. ఒకే రేఖకు రెండు విడతలన్న సూత్రం ఇక్కడా నిలుస్తుంది. ఆ రోజుల్లో సూర్యుడు తూర్పుకు కొద్ది డిగ్రీలే దక్షిణంగా పొడుస్తాడు. గుడి పెద్ద పండుగ రథసప్తమి మాత్రం ఈ తేదీలకు దూరంగా మాఘమాసంలో వస్తుంది. అందులో వింత లేదు. చాంద్రమాన తిథి సూర్యుడి లెక్కలో ఏటా ముందుకూ వెనక్కూ జరుగుతుంది, కదలని రాయి దాన్ని పట్టుకోలేదు. సూర్యుడికే అంకితమైన గుడి కాబట్టి కిరణదర్శనాన్ని శిల్పులు కోరుకుని ఉండటం నమ్మదగ్గ మాటే. తేదీలను ముందే నిర్ణయించి దానికోసం గుడి తిప్పారనడానికి మాత్రం దిశ ఒక్కటే చాలదు.

నాగలాపురం వేదనారాయణస్వామి గుడి పడమటి ముఖం. శ్రీకృష్ణదేవరాయల తల్లి పేరున వెలిసిన ఊరు అది. మార్చి నెలాఖరులో మూడు సాయంత్రాలు అస్తమించే సూర్యుడి కిరణాలు మూలమూర్తి పాదాలను, నాభిని, శిరస్సును వరుసగా తాకుతాయి, దాన్నే సూర్యపూజ అంటారు. విషువత్తు దాటిన కొద్ది రోజులకే రావడం గుడి పడమరకు ఎంత తిన్నగా ఉందో చెబుతుంది. బెంగళూరు గవి గంగాధరేశ్వరాలయంలో సంక్రాంతి సాయంత్రం శివలింగంపై ఎండ పడే వేడుకకు ఇంకో పాఠం ఉంది. జనవరి 14కు ఎంత ఎండ వస్తుందో నవంబరు ఆఖరి వారంలోనూ అంతే వస్తుంది. ఆ రోజు పండుగ లేదు, జనమూ రారు. పైగా మకర సంక్రాంతి నక్షత్రాలను బట్టి లెక్కించే రోజు. సుమారు 1700 ఏళ్ల కిందట శీతకాల అయనాంతంతో కలిసి ఉన్న ఆ పండుగ, 70 ఏళ్లకు ఒక రోజు చొప్పున జరుగుతూ ఇప్పుడు మూడు వారాలకు పైగా దూరమైంది. గోడల మీద ఎండ రుతువుతోనే ఉంటుంది, పండుగే జరిగిపోతుంది. సంక్రాంతికి గురిపెట్టి పూర్వులు కట్టారని ఏ ప్రాచీన కట్టడం గురించి విన్నా ఈ లెక్క ముందుగా వేసుకోవాలి.

గుళ్లకంటే చాలా పాతవి తెలుగు నేల మీద నిలువురాళ్లు. నారాయణపేట జిల్లా కృష్ణా మండలంలో నదీతీరాన ముడుమాల దగ్గర 10 నుంచి 14 అడుగుల ఎత్తున్న బండలు సుమారు 80 నిలబడి ఉన్నాయి, వాటి చుట్టూ వరుసలుగా చిన్న రాళ్లు వేల సంఖ్యలో ఉన్నాయి. స్థానికులు నిలువురాళ్ల తిమ్మప్ప అంటారు, ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు. అక్కడ ఏళ్ల తరబడి పరిశోధించిన హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కె.పి. రావు ఇవి సుమారు 3,500 ఏళ్ల నాటివని, కొన్ని వరుసలు అయనాంత, విషువత్తుల ఉదయాస్తమయాలకు సూటిగా ఉన్నాయని, ఒక బండ మీది గుంటలు సప్తర్షి మండలపు ఆకారమని ప్రతిపాదించారు. కర్ణాటకలోని విభూతిహళ్లిలో గళ్లుగా పేర్చిన రాళ్లలో కూడా ఖగోళవేత్త ఎన్. కామేశ్వరరావు ఇలాంటి సూటి రేఖలనే చూపారు. రెండుచోట్లా వరుసల వాదం బలమైనది. ఒక తరం మనుషులు శ్రమపడి పాతిన పొడవాటి వరుసకు దిశ ఉంటుంది, దాన్ని ఎవరైనా మళ్లీ కొలిచి సరిచూడవచ్చు. గుంటల బొమ్మ అలాంటిది కాదు. ఏడు గుంటలు దొరికిన చోటల్లా సప్తర్షులను చూడటం కంటికి అలవాటు గనక, దాన్ని రెండో వరుస సాక్ష్యంగానే ఉంచాలి.

స్టోన్‌హెంజ్ పాఠం ముడుమాలకూ వర్తిస్తుంది. వేల రాళ్లున్నచోట నచ్చిన గీతలు ఏరుకోకుండా ప్రతి వరుస దిశనూ, దాని కొసన క్షితిజం ఎత్తునూ కొలిచి, అక్షం వంపు తేడాను లెక్కలోకి తీసుకుని, తగలని వరుసలను కూడా తగిలినవాటి పక్కనే ప్రకటించాలి. అందుకు రాళ్లు పాతినచోటే ఉండాలి. ముడుమాల నిలువురాళ్లు 2025 మార్చిలో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. తెలుగు రాష్ట్రాల్లో పొలాల మధ్య, గుట్టల కింద ఇలాంటి రాళ్లు ఇంకా ఉన్నాయి. దున్నేటప్పుడో ఇల్లు కట్టేటప్పుడో వాటిని పెకలించే ముందు పురావస్తు శాఖకు ఒక మాట చేరవేయాలి.